తెలుగు స్లైడ్లు ఆఖరి వరుసకి కనపడాలంటే ఎట్టా చెయ్యాల? (రొయ్యల రైతుల సదస్సు, అల్లూరు)

పెన్నా_గట్టు
అందరికీ నమస్కారం. వచ్చే వారం అల్లూరు పక్కన రొయ్యల రైతులకు అవగాహన సదస్సు. మాట్లాడేది 40 నిమిషాలు, 80 మంది దాకా వస్తారు. నీటి నాణ్యత, మేత, ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే మిషన్లు), జబ్బులు, ఈ నాలుగే అంశాలు. స్లైడ్లన్నీ తెలుగులోనే ఉండాల. పవర్‌పాయింట్‌లో ఇప్పటికి 46 తయారైనాయి, ఒక్కోదాంట్లో ఎనిమిది తొమ్మిది లైన్లు. హాల్లో తెర 6 అడుగుల వెడల్పు, ఆఖరి వరుస తెరకి 36 అడుగుల దూరం. ప్రొజెక్టర్ పాతది, వీజీఏ వైరే. లాప్‌టాప్ కూడా హాలువాళ్లదే. అక్షరం సైజు ఎంత పెట్టాల? ఏ ఫాంట్? 46 స్లైడ్లు ఎక్కువంటారా?

కొలతల_మాస్టారు
సైజు ఎంతని నోటిలెక్క చెబితే లాభం లేదు, ఇంట్లోనే కొలిచి చూడొచ్చు. తెర వెడల్పు 6 అడుగులు, చివరి మనిషి 36 అడుగులు. అంటే వెడల్పుకి 6 రెట్ల దూరం. మీ లాప్‌టాప్ 15.6 అంగుళాలదైతే దాని తెర వెడల్పు సుమారు 13.6 అంగుళాలు. దానికి 6 రెట్లు 81 అంగుళాలు, ఏడడుగులకి కాస్త తక్కువ. ఎఫ్5 నొక్కి స్లైడు నిండుగా పెట్టి, టేపుతో కొలిచి ఆడ కూర్చోండి. ఆగకుండా చదవగలిగితే ఆఖరి వరుసకీ అంతే సైజులో కనపడుతుంది. ముందుకి వంగాల్సి వచ్చిందంటే సైజు చాలదు. మీరు రాసిన వాక్యం మీకు నోటికొచ్చేసి ఉంటది కాబట్టి ఇంట్లో ఇంకొకరి చేత చదివించండి, పెద్దవాళ్లయితే మరీ మంచిది.

ఎనిమిది లైన్ల స్లైడుతో ఈ పరీక్ష నెగ్గడం కష్టం.

చీమకుర్తి_నలుపు
మాస్టారి లెక్కకి ఒక సవరణ. ముందు ప్రొజెక్టర్ బొమ్మకి వెడల్పు, ఎత్తుల నిష్పత్తి ఎంతో కనుక్కోండి. పాత వీజీఏ వాటిల్లో ఎక్కువ భాగం 1024×768, అంటే 4:3. పవర్‌పాయింట్ 2013 నుంచి కొత్త ఫైలు తెరిస్తే 16:9లో వస్తుంది, 13.33 × 7.5 అంగుళాలు. దాన్ని 4:3 తెర మీద వేస్తే పైనా కిందా పట్టీలు పోయి, తెర ఎత్తులో నాలుగో వంతు దండగ.

డిజైన్ > స్లైడ్ సైజ్ > స్టాండర్డ్ 4:3 పెట్టండి. స్లైడు 10 × 7.5 అంగుళాలవుతుంది. 'ఎన్ష్యూర్ ఫిట్' కావాలా 'మాగ్జిమైజ్' కావాలా అని అడిగితే ఎన్ష్యూర్ ఫిట్ నొక్కండి, రెండోది అంచుల్ని కోసేస్తుంది. ఇందులో లాభం చూడండి. 6 అడుగుల తెర మీద 28 పాయింట్ల అక్షరం గడి 16:9లో 2.1 అంగుళాల ఎత్తు, అదే 28 పాయింట్లు 4:3లో 2.8 అంగుళాలు. ఫాంటు సైజు మార్చకుండానే మూడో వంతు పెరిగింది. ఈ పని మొదట్లోనే చెయ్యాల. 46 స్లైడ్లు అయినాక చేస్తే బొమ్మల పక్కన రాసిన మాటలన్నీ చెదిరిపోతాయి, ఒక్కోటీ సర్దుకోవాల్సిందే.

ఇంటి పరీక్షకి దూరం కూడా మారుతుంది. 4:3 స్లైడు మీ లాప్‌టాప్‌లో ముప్పావు వెడల్పే ఆక్రమిస్తుంది, కాబట్టి ఏడడుగులు కాదు, ఐదడుగుల దగ్గర కూర్చోవాల.

కొలతల_మాస్టారు
నిజమే, స్లైడు వెడల్పు తీసుకోవాల, లాప్‌టాప్ వెడల్పు కాదు.

ట్రంకురోడ్డు_డీటీపీ
పెన్నా_గట్టు గారూ, అన్నిటికంటే ముందు ఒకటి చెప్పండి. ఆ 46లో ఎన్ని అను ఫాంట్లలో ఉండాయి? డీటీపీ సెంటర్లలో టైపు చేయించింది అయితే ఎక్కువగా అను ఉంటది. హాలువాళ్ల లాప్‌టాప్‌లో ఆ ఫాంటు లేకపోతే తెలుగు పోయి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వరసగా పడతాయి. ఎందుకంటే అనులో ఉన్నది నిజానికి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే, వాటికి తెలుగు ముసుగు వేశారంతే. యూనికోడ్‌లోకి (తెలుగు అక్షరాలకి వాటి సొంత సంకేతాలుండే పద్ధతి) మార్చే కన్వర్టర్లు ఉండాయి గానీ మార్చినాక వత్తులు, సున్నాలు, అంకెలు ఒక్కోటీ చదివి సరిచూసుకోండి, తప్పులు అక్కడే పడతాయి. అను అక్షరమే ముచ్చటగా ఉందనుకుంటే మొదటి స్లైడు శీర్షిక ఒక్కదాన్ని బొమ్మగా, వెనక రంగు లేని పీఎన్‌జీగా ఎగుమతి చేసి పెట్టుకోండి. మిగతా అంతా యూనికోడే.

ఇక యూనికోడ్ ఫాంట్ల సంగతి. పవర్‌పాయింట్‌లో తెలుగు టైపు చేస్తే చాలాసార్లు మీరు అడక్కుండానే గౌతమి వచ్చి కూర్చుంటుంది. ఎన్నో ఏళ్లుగా వస్తున్న ఆఫీస్ థీమ్ ఫైళ్లలో తెలుగు లిపికి గౌతమి అని రాసి ఉండడమే దానికి కారణం. అయితే విండోస్ 10 నుంచి గౌతమి, వాణి రెండూ మామూలుగా రావు. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్‌కి పోయి 'తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్' వేసుకుంటేనే వస్తాయి. మీ మిషన్‌లో ఉండి వాళ్ల దాంట్లో లేకపోతే నిర్మలా యూఐ దాని స్థానంలోకి వస్తుంది. రెండిటి వెడల్పూ ఎత్తూ వేరు, మూడు లైన్లు నాలుగవుతాయి, నాలుగోది బొమ్మ మీద ఎక్కుతుంది.

తెలియని లాప్‌టాప్ మీద చూపించాలంటే నా ఓటు నిర్మలా యూఐకే. విండోస్ 8 నుంచి ప్రతి విండోస్‌లో ఉంటుంది, బోల్డ్ కూడా దానికి విడిగా గీసిందే. శీర్షికకి లావు అక్షరం కావాలంటే రామభద్ర. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. కానీ దానికి బోల్డ్ నొక్కబాకండి. రామభద్ర, మండలి, ఎన్‌టీఆర్ లాంటివి ఒకే మందంలో గీసిన ఫాంట్లు. బి నొక్కితే పవర్‌పాయింట్ తానే అంచులు మందం చేస్తుంది, వత్తుల్లోని ఖాళీలు పూడిపోయి మరక మాదిరి కనపడుతుంది. బోల్డ్ నిజంగా కావాల్సిన చోట నోటో సాన్స్ తెలుగు గానీ బాలూ తమ్ముడు 2 గానీ వాడండి, వాటికి రకరకాల మందాలు విడివిడిగా ఉండాయి. ఇటాలిక్ ఏ తెలుగు ఫాంటుకీ వద్దు, అది అక్షరాన్ని పక్కకి తోసెయ్యడమే.

పెన్నా_గట్టు
శీర్షికలు అనులో, లోపలిదంతా గౌతమిలో ఉంది అన్నా. ఫాంటును ఫైల్లోనే కలిపి పంపొచ్చని విన్నాను?

ట్రంకురోడ్డు_డీటీపీ
పంపొచ్చు. ఫైల్ > ఆప్షన్స్ > సేవ్, అట్టడుగున 'ఎంబెడ్ ఫాంట్స్ ఇన్ ది ఫైల్'. దాని కింద రెండు దారులుంటాయి. వాడిన అక్షరాలు మాత్రమే అనేది ఎంచుకుంటే ఫైలు చిన్నదిగా ఉంటుంది గానీ ఆడికి పోయినాక ఒక మాట మార్చాలంటే దిగబడతారు. అన్ని అక్షరాలూ అనేదే పెట్టండి. రెండు చిక్కులు. ఫాంటు ఫైళ్లలో టీటీఎఫ్, ఓటీఎఫ్ అని రెండు రకాలు, టీటీఎఫ్‌వి కలిసినంత నమ్మకంగా ఓటీఎఫ్‌వి కలవవు. గూగుల్ ఫాంట్స్ నుంచి దింపిన జిప్‌లో పైన కనపడేది చాలాసార్లు వేరియబుల్ ఫాంటు (మందాలన్నీ ఒకే ఫైల్లో ఉండేది), అది కూడా పేచీ పెడుతుంది. లోపల 'స్టాటిక్' అనే ఫోల్డరు ఉంటే అందులోవి వేసుకోండి. ఎట్టాగైనా పెన్‌డ్రైవ్‌లో ఫాంటు ఫైళ్లు కూడా వేసుకుపోండి.

లైన్ల మధ్య దూరం మర్చిపోయా. తెలుగుకి పైన గుడి, కింద వత్తు రెండూ ఉంటాయి. రెండు లైన్ల శీర్షికలో పై లైనులో 'కృష్ణపట్నం', కింద 'నీటిలో' వచ్చాయనుకోండి, ట కింది నావత్తు పోయి నీ మీది గుడికి తగులుకుంటుంది. నిర్మలా యూఐకి లైన్ స్పేసింగ్ 'మల్టిపుల్' 1.2 దగ్గర మొదలుపెట్టి చూసుకోండి. గౌతమికి ఈ పెంపు అక్కర్లేదు, దానికి పుట్టుకతోనే ఎడం ఎక్కువ. 'ఎగ్జాక్ట్లీ' అనేది పెట్టబాకండి, సైజు మార్చినప్పుడు ఎడం మారదు.

మైపాడు_గాలి
ఫాంట్లు సరే, ఆ ఎనిమిది లైన్ల సంగతి ఎవరూ మాట్లాడరే? ఒక స్లైడు ఈడ పెట్టండి, చూద్దాం.

పెన్నా_గట్టు
ఇదిగో 7వ స్లైడు.
శీర్షిక: కరిగిన ప్రాణవాయువు ప్రాముఖ్యత
• చెరువు నీటిలో కరిగిన ప్రాణవాయువు 4 పీపీఎం కంటే తగ్గరాదు
• పగటిపూట ప్లాంక్టన్ కిరణజన్య సంయోగక్రియ ద్వారా ప్రాణవాయువు విడుదలవుతుంది
• రాత్రిపూట రొయ్యలు, ప్లాంక్టన్, అడుగు బురదలోని సూక్ష్మజీవులు వినియోగించుకుంటాయి
• తెల్లవారుజామున కనిష్ఠ స్థాయికి చేరుతుంది
• మబ్బు పట్టిన రోజుల్లో మరింత తగ్గుతుంది
• ఏరియేటర్లు సకాలంలో నడపవలెను
• డీవో మీటరుతో క్రమం తప్పక పరీక్షించవలెను
• లేనిచో రొయ్యలు ఉపరితలానికి వచ్చును

మైపాడు_గాలి
విషయం అంతా సరైందే. కానీ ఇది మీరు మాట్లాడబోయేదే, స్లైడు కాదు. తెర మీద పెడితే రైతు చదువుకుంటా ఉంటాడు, మీరు మూడో లైను చెప్పేలోపు ఆయన ఎనిమిదో లైనులో ఉంటాడు. ఈ ఎనిమిదీ కిందున్న నోట్స్ గడిలోకి దించెయ్యండి, ఒక్కటీ పారేసే పని లేదు.

శీర్షికని విషయం పేరుగా కాకుండా చెప్పాల్సిన మాటగా రాయండి: "ఆక్సిజన్ అడుగంటేది తెల్లవారుజామునే". రైతులు ప్రాణవాయువు అనరు, డీవో అంటారు, ఆక్సిజన్ అంటారు. 'వలెను', 'లేనిచో' కూడా తీసెయ్యండి, అది సర్క్యులర్ భాష.

కింద ఒకే గ్రాఫు. ఇన్సర్ట్ > చార్ట్ > లైన్. సాయంత్రం 6 నుంచి మర్నాడు సాయంత్రం 6 దాకా, మూడు గంటలకొక చుక్క, మొత్తం తొమ్మిది. అంకెలు మీ ప్రాంతంలో ఏదో ఒక గుంటలో మీటరుతో కొలిచినవే వెయ్యండి, ఊహించి గీస్తే ముందు వరుసలోనే పట్టేస్తారు. ఎక్సెల్ గడుల్లో రెండో వరుస కూడా పెట్టి అన్నిట్లో 4 అని వెయ్యండి, అదే మీ హద్దు గీత. ఇన్సర్ట్ షేప్స్‌తో గీత గీస్తే గ్రాఫు సైజు మార్చినప్పుడు అది 4 దగ్గర ఉండదు, 5కో 3కో జారిపోతుంది.

తర్వాత తీసేసే పని. అడ్డగీతలు తీసెయ్యండి. పక్కన రంగుల సూచిక తీసేసి, 4 గీత చివర 'ఇంతకంటే తగ్గకూడదు' అని గీత రంగులోనే రాయండి. డీవో గీత మందం 4.5 పాయింట్లు, హద్దు గీత చుక్కలుగా 2.25. అన్ని చుక్కలకీ అంకె వద్దు. కనిష్ఠం ఉన్న చుక్క మీద ఒకసారి నొక్కితే వరుస మొత్తం పడుతుంది, ఆగి ఇంకోసారి నొక్కితే ఆ చుక్క ఒక్కటే పడుతుంది. అప్పుడు కుడి బటన్ > యాడ్ డేటా లేబుల్, సైజు 28. నిలువు అక్షం పేరు పడుకోబెట్టిన తెలుగులో వస్తుంది, మెడ తిప్పి చదవాల. దాన్ని తీసేసి గ్రాఫు పైన ఎడమ మూలలో 'డీవో, పీపీఎం' అని నిలబెట్టి రాయండి.

మబ్బు రోజు సంగతికి ఇదే స్లైడుని కంట్రోల్+డీతో నకలు తీసి, రెండో దాంట్లో మబ్బు రోజు గీత కలపండి. నొక్కగానే పాత గీత కదలకుండా కొత్తది కిందుగా పడుతుంది. యానిమేషన్ అక్కర్లేదు.

మార్కాపురం_పలక
చివరి మాట ముఖ్యం. యానిమేషన్ బదులు నకలు స్లైడ్లు వాడితే పీడీఎఫ్ చేసినా, లిబ్రే ఆఫీస్‌లో తెరిచినా అదే వరసలో వస్తాయి. యానిమేషన్ పెట్టిన స్లైడు పీడీఎఫ్‌లో అన్నీ ఒకేసారి, ఒకదాని మీద ఒకటి పడి ముద్దయిపోతుంది. మార్ఫ్ ట్రాన్సిషన్ (ఒక స్లైడులోని బొమ్మలు తర్వాతి స్లైడులోని చోటికి జరిగినట్టు చూపించేది) అయితే 2016 కంటే పాత పవర్‌పాయింట్‌లో మామూలు ఫేడ్‌గా మారిపోతుంది, హాలువాళ్ల దాంట్లో ఏ వెర్షన్ ఉందో తెలియదు.

46 ఎక్కువా అంటే, లెక్కతో పనిలేదు అంటాను. జబ్బుల భాగంలో ఒక్కో ఫొటో పది సెకన్లు చూపించి పోతే 15 స్లైడ్లు రెండున్నర నిమిషాలే. లైన్లున్న స్లైడ్లే టైము తింటాయి.

మైపాడు_గాలి
ఒప్పుకోను. జబ్బు ఫొటో పది సెకన్లలో ఎవరికీ ఎక్కదు, రైతు తన గుంటలోదాంతో పోల్చుకోవాల. 40 నిమిషాల్లో 10 ప్రశ్నలకి పోతే మిగిలేది 30. అందులో 20 స్లైడ్లే గట్టిగా చెప్పగలరు. మిగతావి చెరపబాకండి, ఎడమ పక్క వరసలో కుడి బటన్ నొక్కి 'హైడ్ స్లైడ్' చెయ్యండి. ఎవరన్నా ఈహెచ్‌పీ జబ్బు గురించి అడిగితే, అది 38వది అయితే, 38 కొట్టి ఎంటర్ నొక్కితే దాచినది కూడా నేరుగా వస్తుంది. దాచిన వాటి నంబర్లు ఒక కాయితం మీద రాసుకోండి.

మార్కాపురం_పలక
దాచడం వరకు ఒప్పుకుంటా. ఫొటోల మీద మాత్రం కాదు. (మా ఊరి పలక మీద రాస్తే ఒకటి తుడిస్తేనే ఇంకోటి పట్టేది, ఈ గోల లేదు.)

చీమకుర్తి_నలుపు
ఇప్పుడు రంగులు. పేరులో నలుపు పెట్టుకుని చెప్తున్నా, నల్ల బ్యాక్‌గ్రౌండ్ వద్దు. ప్రొజెక్టర్ నలుపుని వెయ్యలేదు, అది వెలుతురు వెయ్యకపోవడమే. కిటికీ వెలుతురు పడే హాల్లో నలుపు అంటే ఆ తెర రంగే, బూడిదలాగా. దాని మీద తెల్ల అక్షరం తేలిపోతుంది. తెల్ల నేల, ముదురు నీలం గానీ నలుపు గానీ అక్షరం. లైట్లు పూర్తిగా ఆర్పే గదుల్లో ముదురు నేల బాగుంటుంది, పగటిపూట కమ్యూనిటీ హాల్లో కుదరదు.

తెలుపు మీద పసుపు, లేత ఆకుపచ్చ, లేత బూడిద మూడూ మాయమైపోతాయి. కలర్ కాంట్రాస్ట్ అనలైజర్ అని ఉచిత సాధనం ఉంది, అక్షరం రంగు, నేల రంగు పిప్పెట్‌తో తీసుకుంటే నిష్పత్తి చెబుతుంది. వెబ్ ప్రమాణాల్లో మామూలు అక్షరానికి 4.5:1, పెద్ద అక్షరానికి 3:1 చాలంటారు. అవి కంప్యూటర్ తెరకి పెట్టిన హద్దులు. పాత ప్రొజెక్టరుకి 7:1 పైన ఉండేటట్టు చూసుకోండి. ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన పెట్టి మంచి, చెడు అని చూపించబాకండి, కొందరికి ఆ రెండు రంగులూ ఒకటే. నీలం, నారింజ పెట్టండి.

వైట్ స్పాట్ (తెల్లమచ్చ జబ్బు) ఫొటోలకి ప్రత్యేకంగా: రొయ్య మొత్తం కనపడే ఫొటో వద్దు. పెంకు మీద మచ్చలు నిండేటట్టు కోసుకోండి. ప్రొజెక్టరు చూపించేదే 1024×768, అంతకు పెద్ద ఫొటో వల్ల ఫైలు బరువు తప్ప లాభం లేదు. పిక్చర్ ఫార్మాట్ > కరెక్షన్స్‌లో కాంట్రాస్ట్ 20 శాతం పెంచండి, వెలిసిపోయే ప్రొజెక్టరుకి అది సరిపెడుతుంది. ఫొటోలు వాట్సాప్‌లో తెప్పించుకుంటే 'డాక్యుమెంట్'గా పంపమనండి, ఫొటోగా పంపితే నలిగి వస్తుంది, కోసినాక మచ్చలు గళ్ళుగళ్ళుగా కనపడతాయి.

కంభం_చెరువు
పవర్‌పాయింట్ లైసెన్సు లేనోళ్ల కోసం. గూగుల్ స్లైడ్స్‌లో ఫాంటు జాబితా పైన 'మోర్ ఫాంట్స్', అందులో స్క్రిప్ట్స్ అని ఉన్నచోట తెలుగు ఎంచితే వరసగా వస్తాయి. సైజులో మోసపోవద్దు. దాని స్లైడు 10 × 5.63 అంగుళాలు, పవర్‌పాయింట్ 16:9 కంటే చిన్నది. దాంట్లో 24 పెడితే తెర మీద పవర్‌పాయింట్ 32కి సమానం. అందుకే అందులో 18 కూడా పెద్దగా అనిపిస్తుంది. కాన్వాలో చేసినది పీపీటీఎక్స్‌గా దింపితే తెలుగు లైన్లు జరుగుతాయి, పీడీఎఫ్‌గా దింపుకోండి. లిబ్రే ఆఫీస్ ఇంప్రెస్ మొత్తం ఉచితం, మామూలు స్లైడ్లకి చాలు, స్మార్ట్‌ఆర్ట్ బొమ్మలు మాత్రం చెదురుతాయి.

తెలుగు టైపింగుకి వేరే సాఫ్ట్‌వేర్ వెయ్యక్కర్లేదు. విండోస్ 10లో 2019 మే అప్‌డేట్ నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డు దాంట్లోనే ఉంది, లాంగ్వేజ్ సెట్టింగ్స్‌లో తెలుగు కలిపి దాన్ని ఎంచుకోవడమే.

పెన్నా_గట్టు
బో సాయం చేశారు అందరూ. రెండు పనులు జరిగినాయి, 4:3 చేసినాను, అనుది తీసేసినాను. కానీ ఒక పెట్టెలో లైను కలిపితే అక్షరాలు వాటంతట అవే చిన్నవైపోతున్నాయి. ఒక స్లైడులో 28, ఇంకోదాంట్లో 22. ఏందబ్బా ఇది?

ట్రంకురోడ్డు_డీటీపీ
ఆటోఫిట్. పెట్టెలో పట్టకపోతే పవర్‌పాయింట్ అక్షరాన్ని, లైన్ల ఎడాన్ని కలిపి కుదిస్తుంది. ఫైల్ > ఆప్షన్స్ > ప్రూఫింగ్ > ఆటోకరెక్ట్ ఆప్షన్స్ > 'ఆటోఫార్మాట్ యాజ్ యూ టైప్' ట్యాబులో ఆటోఫిట్ టైటిల్, ఆటోఫిట్ బాడీ రెండు టిక్కులూ తీసెయ్యండి. ఇప్పటికే కుదించినవి మాత్రం అట్టాగే ఉంటాయి, ఆ పెట్టె ఎంచుకుని కుడి బటన్ > ఫార్మాట్ షేప్ > టెక్స్ట్ బాక్స్‌లో 'డు నాట్ ఆటోఫిట్' నొక్కాల. అక్షరం పెట్టె దాటి బయటికొస్తే రానివ్వండి, మాటలు తగ్గించమని అది చెప్తున్నట్టు.

ఫాంటు, సైజు, ఎడం ఒక్కో స్లైడులో మార్చుకుంటా కూర్చోబాకండి. వ్యూ > స్లైడ్ మాస్టర్, ఎడమ పక్క అన్నిటికంటే పైనున్న పెద్ద స్లైడులో మారిస్తే కిందవన్నీ మారతాయి. మారనివి ఉంటే మీరు చేత్తో మార్చినవన్నమాట. ఆ స్లైడు మీదకి పోయి హోమ్‌లో 'రీసెట్' నొక్కండి.

కంభం_చెరువు
ఎక్సెల్ నుంచి గ్రాఫు తెచ్చి అతికిస్తే ఒక జాగ్రత్త. అతికించే విధానాన్ని బట్టి ఆ ఎక్సెల్ ఫైలు మొత్తం స్లైడులో దాక్కుని వస్తుంది. సదస్సు తర్వాత వాట్సాప్ గ్రూపులో ఫైలు పెడితే, గ్రాఫు మీద ఎడిట్ డేటా నొక్కినవాళ్లకి పక్క షీట్లలో రైతుల పేర్లు, ఫోన్లు, బాకీలు ఉంటే అవీ కనపడతాయి. పంచే ఫైల్లో గ్రాఫుని బొమ్మగా అతికించండి, లేకపోతే పీడీఎఫ్ ఒక్కటే పంచండి. నోట్స్, కామెంట్లు తుడవడానికి ఫైల్ > ఇన్ఫో > చెక్ ఫర్ ఇష్యూస్ > ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్ ఉంది, నకలు తీసుకున్నాకే వాడండి.

పెన్నా_గట్టు
ఆ రోజు ఆడికి పోయినాక ఏం చూసుకోవాల? కరెంటు మీద కూడా నమ్మకం లేదు.

చీమకుర్తి_నలుపు
అరగంట ముందు పోండి. విండోస్+పీ నొక్కి ముందు డూప్లికేట్ పెట్టి తెర వస్తుందో లేదో చూడండి. బొమ్మ వచ్చినాక నోట్స్ మీకు మాత్రమే కనపడాలంటే ఎక్స్‌టెండ్‌లోకి మార్చండి. లాప్‌టాప్ కొత్తదై హెచ్‌డీఎంఐ ఒక్కటే ఉంటే దాన్నుంచి వీజీఏకి మార్చే అడాప్టరు మీరే తీసుకుపోవాల. ఒట్టి వైరు పనిచెయ్యదు, లోపల చిప్పు ఉన్నదే కావాల. వీజీఏలో శబ్దం రాదు, వీడియో ఉంటే స్పీకరు వైరు విడిగా లాగాల.

పెన్‌డ్రైవ్‌లో మూడు: పీపీటీఎక్స్, పీడీఎఫ్, ఫాంట్ల ఫోల్డరు. పీపీటీఎక్స్‌లో తెలుగు చెదిరితే ఆడ కూర్చుని సరిచెయ్యబాకండి, పీడీఎఫ్ తెరిచి అడోబ్ రీడర్‌లో కంట్రోల్+ఎల్ నొక్కితే నిండు తెర. స్లైడ్ షో నడిచేటప్పుడు బీ నొక్కితే తెర నల్లబడుతుంది, మళ్లీ నొక్కితే వస్తుంది. ఏరియేటరు చేత్తో చూపించి మాట్లాడేటప్పుడు అది వాడండి.

మైపాడు_గాలి
కరెంటుకి: ఫైల్ > ప్రింట్‌లో 'ఫుల్ పేజ్ స్లైడ్స్' ఉన్నచోట 'హ్యాండౌట్స్ 3 స్లైడ్స్' పెట్టండి. ఎడమ పక్క మూడు స్లైడ్లు, కుడి పక్క రాసుకోడానికి గీతలు వస్తాయి. 20 స్లైడ్లకి ఏడు పేజీలు, రెండు వైపులా వేస్తే నాలుగు కాయితాలు. 80 మందికీ అక్కర్లేదు, ఇద్దరికొకటి లెక్కన 40 సెట్లు చాలు. కలర్ ఆప్షన్‌లో 'ప్యూర్ బ్లాక్ అండ్ వైట్' పెడితే ఫొటోలు చెడతాయి, 'గ్రేస్కేల్' పెట్టండి. డీవో గ్రాఫులో హద్దు గీత చుక్కల్లోనే ఉంది కాబట్టి జిరాక్సులో కూడా రెండు గీతలూ విడివిడిగా తెలుస్తాయి.

పెన్నా_గట్టు
చుక్కల గీత ఎందుకన్నారో ఇప్పుడర్థమైంది. రేపు 7వ స్లైడు కొత్తది ఈడ పెడతా.